పేర్లు మింగిన కొంగ

అనగనగనగా, మీ తాతగారి తాతగారు ఉగ్గు తాగుతున్న రోజులకంటే కూడా ముందు, రెల్లుపురమని ఒక రాజ్యం ఉండేది. దానికొక రాజుగారు. రాజ్యం అనగానే కోటలూ బురుజులూ ఊహించుకోకండి. సగం నీళ్ళు, సగం బురద, మధ్యలో కాస్త గట్టినేల. ఆ గట్టినేల మీద రాజుగారి మేడ. చేపలకూ పిట్టలకూ మాత్రం లోటు లేదు. జనం తాటిదోనెల మీద తిరుగుతూ, చేపలు పట్టుకుంటూ, తుంగచాపలు అల్లుకుంటూ చల్లగా బతికేవారు.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతుడు. రెండోవాడు ధీరకేతుడు. మూడోవాడు పుట్టేసరికి గంభీరమైన పేర్లన్నీ అయిపోయాయో ఏమో, పుష్పకేతుడని పెట్టారు. అన్నలిద్దరూ వాణ్ణి "ఒరేయ్ పువ్వూ" అని పిలిచేవారు. వాడు పలికేవాడు. పలక్కపోతే మరింత పిలుస్తారని వాడికి తెలుసు.

అన్నలిద్దరూ గుర్రాల మీద పెరిగారు. పుష్పకేతుడు మాత్రం దాది మంగతాయి చంకలో పెరిగాడు. మంగతాయిది లంకల్లో చేపలు పట్టుకునేవాళ్ళ ఇల్లు. ఆ లంకజనానికి ఒక ఆచారం ఉంది. కొత్త నేల మీద కాలు పెట్టేముందు వంగి, వేళ్ళతో మట్టిని తాకి, "తల్లీ, నీ పేరేమిటి?" అని అడుగుతారు. పక్కన తెలిసినవాడుంటే చెబుతాడు. ఎద్దు దిగబడిపోయిన చోటు ఎద్దుగుంట. పెళ్ళికొడుకు మునిగిన చోటు పెళ్ళికొడుకు మడుగు. రంగయ్య జారిపడి పళ్ళు రాలగొట్టుకున్న చోటు రంగయ్యపళ్ళు. వినడానికి ఒక్కటీ బాగుండదు. కానీ విన్నవాడు కాలు వెనక్కి తీసుకుంటాడు. పేరు పెట్టేది అందుకే.

"పేరడగని కాలు బురద పాలు, చిన్నబాబూ" అనేది మంగతాయి. ఆ మాట వాడికి ఉగ్గుతోపాటే ఒంటబట్టింది. మేడలో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళేటప్పుడు కూడా వంగి గడప తాకేవాడు. అన్నలు పడీ పడీ నవ్వేవారు.

ఒకనాడు అన్నలిద్దరికీ లోకం చూడాలని బుద్ధి పుట్టింది. ఓడ కట్టించుకున్నారు. "ఏడు సముద్రాలూ చుట్టి వానలు పడేలోగా వచ్చేస్తాం" అని చెప్పి వెళ్ళారు. వానలు వచ్చాయి, పోయాయి. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పోయాయి. మూడోసారీ వచ్చాయి. అన్నలు మాత్రం రాలేదు.

రాణిగారు రోజూ అయిదు విస్తళ్ళూ వేయించేది. రెండు విస్తళ్ళలో అన్నం చల్లారిపోయి అలాగే లేచిపోయేది. ఆ రెంటినీ చూస్తూ తన విస్తరిలోది కూడా ఆవిడ కెలికి వదిలేసేది. మనిషి చిక్కి సగమైంది. తల్లిని అలా చూస్తూ తన విస్తరి ఖాళీ చెయ్యడం పుష్పకేతుడికి సిగ్గుగా ఉండేది.

ఏటా చలికాలంలో ఉత్తరదేశాల నుంచి పరజపిట్టలు గుంపులు గుంపులుగా రెల్లుపురం నీళ్ళ మీదికి వస్తాయి. ఆ ఏడు ఒక ముసలి పరజ నేరుగా వచ్చి పుష్పకేతుడి దోనె అంచు మీద వాలింది.

"రాజకుమారా, మీ అన్నలు బతికే ఉన్నారు" అంది. "కానీ దాన్ని బతుకనడానికి లేదు. ఏడు సముద్రాల అవతల పరాసు దేశముంది. అక్కడి బురదనేలలో మెడలోతు దిగబడి ఉన్నారు. గ్రిమో అనే మాంత్రికుడు వాళ్ళ ఆయుష్షు పీలుస్తున్నాడు. వసంతం వచ్చేసరికి తలలు కూడా లోపలికి పోతాయి."

పుష్పకేతుడు దోనెలోంచి దూకి నీళ్ళలో పడుతూ లేస్తూ మేడకు పరిగెత్తాడు. సంగతి విని రాజుగారు, "ఇద్దరు పోయింది చాలదా? నిన్ను కూడా పంపి మేమేం కావాలి?" అని అడ్డుపడ్డారు. రాణిగారు మాత్రం మంచం మీద లేచి కూర్చుంది. ఆవిడ తనంతట తాను లేచి కూర్చుని ఎన్నాళ్ళయిందో.

"వెళ్ళనివ్వండి" అంది. "నాయనా, వస్తే ముగ్గురూ కలిసి రండి. నేను అప్పుడే తింటాను."

పుష్పకేతుడు చిన్న ఓడ ఎక్కాడు. తెరచాప కొయ్య మీద పరజ కూర్చుని దారి చెప్పింది. ఉప్పుసముద్రం దాటారు. చెరుకురసం సముద్రం దాటారు, చీమలు పట్టాయి. కల్లుసముద్రం ముక్కు మూసుకుని దాటారు. నేతిసముద్రం చలికి పేరుకుపోయి ఉంటే తెడ్లతో కోసుకుంటూ దాటారు. పెరుగుసముద్రంలో ఓడ కాసేపు కవ్వంలా గిరగిర తిరిగి కాస్త వెన్న తీసిపెట్టింది. పాలసముద్రం, మంచినీటి సముద్రం కూడా దాటారు. ఆ పైన పొగమంచు. పొగమంచు వెనక పరాసు దేశం.

ఒడ్డున దిగేముందు పుష్పకేతుడు పరజను అడిగాడు. "మాంత్రికుడి ప్రాణం ఏ చిలుకలో ఉంది? ఆ చిలుకెక్కడుంది?"

పరజ ముక్కు విదిల్చింది. "మీ అన్నలూ ఇదే అడిగారు. రెల్లంతా చిలుకల కోసం గాలించారు. నాయనా, ఈ చలికి నాకే ఈకలు చాలవు. ఇక్కడ చిలుకెక్కడ బతుకుతుంది?"

బురదనేల కనుచూపు మేరా పచ్చగా ఉంది. మధ్యమధ్య నల్లటి నీళ్ళు. ఒకచోట గొర్రెల మంద మేస్తోంది. వాటి మధ్య ఒక పిల్ల ఆకాశంలో నిలబడి ఉన్ని వడుకుతోంది. ఆకాశంలో ఏమిటంటారా? ఆ దేశపు గొర్రెల కాపరులు కాళ్ళకు పొడుగాటి కర్రలు కట్టుకుని నడుస్తారు. బురద అంటదు, మంద దూరం దాకా కనిపిస్తుంది. ఆ పిల్ల పేరు సోలాంజ్. ఆవిడా ఈయనా ఏ భాషలో మాట్లాడుకున్నారని మాత్రం అడక్కండి. కథల్లో అందరికీ అన్ని భాషలూ వస్తాయి.

పుష్పకేతుడు వంగి, నేల తాకి, "తల్లీ, నీ పేరేమిటి?" అన్నాడు.

"ముత్యాల మైదానం" అని పైనుంచి చెప్పింది సోలాంజ్.

"అసలు పేరు?"

కదురు తిరగడం ఆగిపోయింది. ఆవిడ పెదాలు కదిపింది, కళ్ళు చికిలించింది. "మా అమ్మమ్మ అంటుండేది... నాలిక చివరే ఉంది. రావడం లేదు" అంది. ఆ మాట అంటుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుట్టిపెరిగిన చోటు పేరు తెలియదని చెప్పడం ఎంత చిన్నతనమో పాపం ఆవిడకే తెలుసు.

కర్రలు విప్పుకుని కిందికి దిగి, జరిగిందంతా చెప్పింది. ఆ బురదనేలలో అంగుళం అంగుళానికీ పాతపేర్లుండేవట. అన్నీ వికారమైనవే. చుట్టుపక్కల గట్టినేల ఊళ్ళవాళ్ళు వాటిని విని నవ్వేవారు, "ఆ పేరున్న ఊరికి పిల్లనెవరిస్తారు?" అని ఎకసెక్కాలాడేవారు. వీళ్ళకు తలకొట్టేసినట్టుండేది. సరిగ్గా అప్పుడు గ్రిమో వచ్చాడు. పట్టుటోపీ, తేనెలాంటి మాట. "పేరు బాగుంటే ఊరు బాగుపడుతుంది. మీ పాతపేర్లు నాకిచ్చెయ్యండి, ఒక్కొక్కదానికీ ఒక అందమైన పేరిస్తాను" అన్నాడు. జనం వరసకట్టి మరీ వెళ్ళారు. గ్రిమో దగ్గర గోధుమరంగు కొంగ ఒకటి ఉంది. దాని చెవిలో ఎవరి చోటు పేరు వాళ్ళు చెప్పేవారు, అది గుటుక్కున మింగేది. చెప్పినవాడి నోట్లోంచి ఆ పేరు ఇక శాశ్వతంగా పోయేది.

"తరవాత?"

"తరవాతేముంది? మైదానమన్నాడని నడిచారు. తోట అన్నాడని పిల్లల్ని ఆడుకోనిచ్చారు. ఒక్కొక్కరే దిగబడిపోయారు. మా నాన్న కూడా. మంచి దారి అని పేరు పెట్టిన చోట, మందను వెతుక్కుంటూ."

"నాతో వస్తావా?"

"గొర్రెల్నెవరు చూస్తారు?" అంది సోలాంజ్. తరవాత తనే, "గొర్రెలు నాకంటే తెలివైనవి. ఎప్పుడూ దిగబడవు" అని కర్రలు మళ్ళీ కట్టుకుంది.

ఇద్దరూ నడిచారు, నెత్తి మీద పరజ ఎగిరింది. మొదట దీపాల తోట వచ్చింది. పొద్దువాలుతోంది. పొగమంచులో చిన్నచిన్న నీలిమంటలు గాలిలో తేలుతూ, "ఇటు రండి, ఇటు వెచ్చగా ఉంది" అన్నట్టు ఊగుతున్నాయి. సోలాంజ్ కాళ్ళు అప్పుడే అటు తిరిగాయి.

పుష్పకేతుడు వంగి నేల తాకాడు. "తల్లీ, నీ పేరేమిటి?"

ఒక ముసలికప్ప గుంటలోంచి తల పైకెత్తింది. "చాలా కాలానికి అడిగావు నాయనా. గ్రిమో మనుషుల నోళ్ళలోంచి తీసుకున్నాడు గానీ కప్పల నోళ్ళలోంచి తీసుకోలేదు. దీని పేరు ఫ్యూఫొలే. పరాసు మాటలో పిచ్చిమంటలని అర్థం. వాటి వెంట పోయినవాడు ఒడ్డు చూడడు. వాటికి ఒకటే పిచ్చి. సూదిబెజ్జం కనిపిస్తే దాంట్లో దూరాలనుకుంటాయి."

పుష్పకేతుడి తలపాగాలో తెరచాప కుట్టుకునే సూది ఉంది. దాన్ని ఒక ఎండుదుంగకు గుచ్చాడు. అంతే, మంటలన్నీ బిలబిలమంటూ సూది దగ్గర మూగాయి. నేను ముందంటే నేను ముందని తోసుకున్నాయి. ఒక్కటీ దూరలేదు, ఒక్కటీ మానలేదు. ఈ ఇద్దరూ వాటి పక్కనుంచే నెమ్మదిగా నడిచి అవతలికి వెళ్ళారు.

రెండోది పట్టుబట్టల రేవు. రేవులో తెల్లటి ముసలమ్మలు వంగి దుప్పట్లు ఉతుకుతున్నారు. వాళ్ళ చేతులు మంచుకంటే చల్లగా కనిపిస్తున్నాయి. ఒకావిడ తలెత్తి, "అబ్బాయీ, ఈ దుప్పటి పిండడానికి ఒక చెయ్యి వేస్తావా?" అని తియ్యగా అడిగింది.

పెద్దావిడ అడిగితే కాదనడమెలా? అయినా పుష్పకేతుడు ముందు వంగి నేల తాకాడు. "తల్లీ, నీ పేరేమిటి?"

గట్టు మీద నీటికుక్క ఒకటి చేప కొరుక్కుంటోంది. నిండునోటితోనే చెప్పింది. "లావాందియేర్. చాకలమ్మలని అర్థం. బతికున్నవాళ్ళు కారులే. సాయం చెయ్యనంటే కోపమొస్తుంది, నీళ్ళలోకి లాగుతారు. సాయం చేస్తూ వాళ్ళకు ఎదురు తిప్పావో, దుప్పటితోపాటు నీ చేతులూ మెలిపడి విరుగుతాయి. వాళ్ళు ఎటు తిప్పితే నువ్వూ అటే తిప్పు."

పుష్పకేతుడు దుప్పటి ఒక కొస పట్టుకున్నాడు. ముసలమ్మ కుడికి తిప్పితే కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పితే ఎడమకు తిప్పాడు. అలా తిప్పితే ఏ దుప్పటైనా పిండబడుతుందా? నీళ్ళు ఒక్క చుక్క కారలేదు. ముసలమ్మ విసిగిపోయింది. "మర్యాదస్తుడివే గానీ పనికి దండగ. పో" అని దారి వదిలింది. సోలాంజ్ నవ్వు ఆపుకోలేక కర్రల మీంచి పడబోయింది. ఆవిడ నవ్వడం వాడు చూడటం అదే మొదలు. బాగుందనిపించింది.

మూడోది మంచి దారి. సోలాంజ్ తండ్రి పోయిన చోటు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. విశాలమైన బురద, దాని ఒడ్డున జీనుతో సహా ఒక తెల్లగుర్రం. "ఎక్కండి. అవతలికి చేరుస్తాను. ఎంతమందినైనా మోస్తాను" అంది గుర్రం.

పుష్పకేతుడు వంగి నేల తాకాడు. "తల్లీ, నీ పేరేమిటి?"

బురదలోంచి ఒక బొమ్మిడాయి మీసాలు బయటపెట్టి చెప్పింది. "మాల్‌పా. చెడ్డ అడుగని అర్థం. ఆ గుర్రం ఎంతమంది వస్తే అంతమందికీ వీపు సాగదీస్తుంది. అందరూ ఎక్కాక అవతలి ఒడ్డు దగ్గర ఏదో ఒక మూలకు మోసుకుపోయి ముంచుతుంది. మీలాంటి తలపాగాలవాళ్ళు ఇద్దరు, పందెం వేసుకుని మరీ ఎక్కారు."

పుష్పకేతుడికి అర్థమైంది. పందెమంటే అన్నలే. కానీ వాడు మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. గుర్రం దగ్గరికి వెళ్ళి, "అశ్వరాజా, మేం పెళ్ళివారం" అన్నాడు. "నేనూ ఈ అమ్మాయీ ముందొచ్చాం. వెనక చుట్టాలున్నారు. పినతండ్రులు, మేనత్తలు, వాళ్ళ తోడికోడళ్ళు, బాజాభజంత్రీలవాళ్ళు. ఒకరిని ఎక్కించుకుని ఒకరిని వదిలేస్తే పెళ్ళివారికి కోపాలొస్తాయి. అందరికీ చోటు చూపిస్తే గానీ ఎక్కం."

అంతమంది ఒక్కసారే దొరుకుతారనేసరికి గుర్రానికి ఆశ పుట్టింది. వీపు సాగదీసింది. "చాలా?"

"మేనత్తలకు సరిపోయింది. బాజాలవాళ్ళో?"

ఇంకా సాగదీసింది. "డోలు పెద్దది" అన్నాడు పుష్పకేతుడు. ఇంకా సాగదీసింది. చివరికి వెనక కాళ్ళు ఈ ఒడ్డున, ముందు కాళ్ళు ఆ ఒడ్డున, నడుమ వీపు వంతెనలా నిలిచింది. వాడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని దాని మీద నడిచి అవతలికి వెళ్ళిపోయాడు. వెనకాల సోలాంజ్ కర్రల మీద టకటకమని నడిచింది. "పెళ్ళివారేరీ?" అని గుర్రం అరుస్తూనే ఉంది. బహుశా ఇప్పటికీ చూస్తూ ఉండి ఉంటుంది.

అవతల ఒడ్డున, బురదలో, మోడుల్లా తలలు. వరసలు వరసలుగా ఆడవాళ్ళు, మగవాళ్ళు, కళ్ళు మూసుకుని నిద్రపోతున్నారు. వరసలకు కాస్త ఎడంగా ఒక మూల వీరకేతుడు, పక్కనే ధీరకేతుడు. బురద గడ్డాల దాకా వచ్చింది. పుష్పకేతుడు "అన్నయ్యా!" అని అరిచాడు. పలకలేదు. "ఒరేయ్ పువ్వూ అను, ఒక్కసారి అను" అని ఏడ్చాడు. ఆ ముందు వరసలో సోలాంజ్ తన తండ్రి జుట్టు మీద చెయ్యి వేసి కూర్చుండిపోయింది.

వాళ్ళందరి మధ్యలో రాతిమేడ ఒకటుంది. దాని గుమ్మం మీద పెద్ద అక్షరాలతో వజ్రశిల అని చెక్కి ఉంది. సోలాంజ్‌ను బయటే ఉండమని పుష్పకేతుడు లోపలికి వెళ్ళాడు.

గ్రిమో భోజనం చేస్తున్నాడు. బొద్దుగా, ఎర్రగా, చూడముచ్చటగా ఉన్నాడు. "రా బాబూ, కూర్చో. ఉల్లిపాయల పులుసు వేడిగా ఉంది" అన్నాడు. "అన్నల కోసం వచ్చావు, తెలుసు. నేను దాచుకునే మనిషిని కాను. నా ప్రాణం అదిగో, ఆ పంజరంలో కొంగ మెడలో ఉంది. విరుచుకో. ముసలివాణ్ణి, నిన్ను ఆపగలనా?"

పంజరం తలుపుకు గడియైనా లేదు. పుష్పకేతుడు కొంగను బయటికి తీసి మెడ పట్టుకున్నాడు. కిటికీలోంచి అన్నల తలలు కనిపిస్తున్నాయి. ఒళ్ళు మండింది. ఒక్క మెలిక, అంతే చాలు. విస్తళ్ళ ముందు కూర్చున్న తల్లి గుర్తొచ్చి వేళ్ళు బిగుసుకున్నాయి.

మాంత్రికుడు పులుసు జుర్రుకున్న చప్పుడైంది.

పుష్పకేతుడు తల తిప్పి చూశాడు. గ్రిమో చెంచా వణకడం లేదు, మొహాన చెమట లేదు. రొట్టెముక్క పులుసులో ముంచుకుంటున్నాడు. తన ప్రాణం ఇంకొకడి గుప్పిట్లో ఉంటే ఎవడికైనా పులుసు దిగుతుందా? పైగా ఆ కొంగ గొంతు ఉబ్బి, వెచ్చగా, లోపలేవో కదులుతున్నట్టుంది. ఊరి పేర్లన్నీ అక్కడే ఉన్నాయి. మెడ విరిస్తే చచ్చేది ఈయన కాదు, ఆ పేర్లు. అప్పుడిక నాలుకల మీద ఈయన పేర్లే మిగులుతాయి.

వాడు మెల్లగా వేళ్ళు వదులు చేశాడు. కొంగను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. వంగి, ఆ మేడ నేలను వేళ్ళతో తాకి, "తల్లీ, నీ పేరేమిటి?" అన్నాడు.

చెంచా ఠంగున కిందపడింది. "వజ్రశిల! గుమ్మం మీద రాసుంది చూడలేదా?" అని గ్రిమో లేచి నిలబడ్డాడు. ఇప్పుడు మాత్రం ధారగా చెమట.

"మిమ్మల్ని కాదు" అన్నాడు పుష్పకేతుడు. "కొంగమ్మా, నువ్వు చెప్పు."

కొంగ కళ్ళు తెరిచింది. "చెవిలో చెప్పినవాళ్ళే అందరూ. అడిగినవాడివి నువ్వొక్కడివే. అడక్కుండా చెప్పడం నా వంతు కాదు" అంది. మెడ చాచి, ఎద్దు రంకె వేసినట్టు, రెల్లంతా దద్దరిల్లేలా అరిచింది.

"త్రూ-సాం-ఫోం!"

పరాసు మాటలో అడుగులేని గుంట అని. ఆ పేరు వినగానే మేడకు తను ఎక్కడ నిలబడి ఉందో గుర్తొచ్చింది. గోడలు వణికాయి. నేల పలచబడింది. గ్రిమో బల్ల పట్టుకుని "వజ్రశిల! వజ్రశిల!" అని గొంతు చించుకున్నాడు. కానీ తను ఒక్కడే పిలిచేది పేరెలా అవుతుంది? నలుగురూ పిలవాలి. నలుగురినీ తనే బురదలో పాతిపెట్టుకున్నాడు.

"కిటికీ! కిటికీ!" అని బయటినుంచి సోలాంజ్ అరిచింది. గుంట అంచున కర్రల మీద నిలబడి, చేతిలో పొడుగాటి గడకర్ర చాపింది. పుష్పకేతుడు కొంగను చంకలో పెట్టుకుని కర్ర అందుకుని దూకాడు. వెనక మేడ గుమ్మంతో సహా దిగిపోయింది, మాంత్రికుడితో సహా దిగిపోయింది. పులుసుగిన్నె ఒక్కటి కాసేపు తేలి అదీ మునిగింది.

కొంగ ఆగలేదు. ఒకటి తరవాత ఒకటి పేర్లన్నీ విడిచింది. పేరు వినగానే ఆ చోటు బురద పట్టు సడలింది, పేరు లేని మూలల్లోనూ మాంత్రికుడు పోవడంతో సడలింది. తలలు కళ్ళు తెరిచాయి. మిగిలిన ఊరివాళ్ళు మోకులు తెచ్చారు, గడకర్రలు తెచ్చారు, లాగారు. సోలాంజ్ తండ్రి బాస్తియాం పైకొస్తూనే, "మంద ఏదీ?" అన్నాడు. ఆవిడ ఆయన్ని వాటేసుకుని కొట్టింది.

వీరకేతుడు తమ్ముణ్ణి చూశాడు. "ఒరేయ్ పువ్వూ..." అని ఆ బురదచేతులతోనే తమ్ముడి మొహం నిమిరాడు. పుష్పకేతుడికి ఆ పేరు అంత తియ్యగా ఎప్పుడూ లేదు.

మర్నాడు ఊరివాళ్ళందరూ ఒడ్డున చేరారు. రాజకుమారులు దిగబడ్డ మూలకు మాత్రం పాతపేరు లేదు. వాళ్ళకంటే ముందు అక్కడెవరూ దిగలేదు మరి. "మీరు దిగారు గనక మీరే పేరు పెట్టాలి. మా ఆచారం" అన్నాడు బాస్తియాం.

ధీరకేతుడు మీసం సవరించుకున్నాడు. "రాజకుమార తీర్థం అంటే ఎలా ఉంటుంది?"

గ్రిమో ఇచ్చిన పేర్లు కూడా అలాగే ఉండేవని అందరి మొహాల్లోనూ ఉంది. వీరకేతుడు బురద ఎండిన తన చేతుల్ని చూసుకుంటున్నాడు. రెల్లుపురంలో ఎవడైనా ఎదురుపడి దణ్ణం పెట్టకపోతే గుర్రం ఆపి పెట్టించుకున్న మనిషి అతను.

"తీర్థమంటే స్నానానికి దిగుతారు" అన్నాడు చివరికి. "మేం పందెం వేసుకుని దిగాం. నేలనొక మాటైనా అడగలేదు. జరిగిందే పెట్టండి. ఇద్దరు మూర్ఖులు."

"అన్నయ్యా, మనం రాజు కొడుకులం!" అన్నాడు ధీరకేతుడు.

"అందుకేరా. మనం దిగిన చోట ఇంకొక తల్లి కొడుకు దిగకూడదు."

ధీరకేతుడు తల దించుకున్నాడు. "అయితే నన్ను కూడా కలపండి, అన్నయ్యను ఒక్కణ్ణే కాదు" అన్నాడు. పరాసు మాటలో ఆ చోటుకు లే-దు-సో అని పేరు పెట్టారు. కొంగ దాన్ని మింగలేదు. ఊరంతా మూడుసార్లు గట్టిగా పలికి నోటికి పట్టించుకుంది.

వసంతం వెళ్ళకముందే ఓడ రెల్లుపురం చేరింది. రాణిగారు అయిదు విస్తళ్ళు వేయించి ఉంచింది. కాబోయే కోడలికి ఆరో విస్తరి కూడా వేయించాల్సొచ్చింది. రాజుగారు సోలాంజ్‌ను చూసి, "రాజు కూతురు కాదే" అని ఒకసారి గొణిగారు. రాణిగారు, "గొర్రెలు కాసిన పిల్ల, మన ముగ్గురు కొడుకుల్నీ కాస్తుంది" అని ఆయన నోరు మూయించి, వడ్డించినదంతా తినేసి, మారు అడిగింది. పెళ్ళి పదహారు రోజులు జరిగింది. పెళ్ళికూతురు తలంబ్రాలకు కర్రకాళ్ళ మీద వస్తానంటే మంగతాయి ఒప్పుకోలేదు.

పెద్దవాడు గనక రెల్లుపురానికి వీరకేతుడు రాజయ్యాడు. పరాసు బురదనేల జనం పుష్పకేతుణ్ణే తమ రాజుగా కోరుకున్నారు. ఆయనా సోలాంజూ ఎండాకాలం అక్కడ ఏలేవారు. చలికాలం పరజపిట్టలతోపాటు రెల్లుపురానికి వచ్చి, తల్లి దగ్గర ఉండేవారు. అలా చాలా కాలం, జుట్టు నెరిసేదాకా, చల్లగా ఏలారు.

వీరకేతుడు ముసలిరాజైపోయాక ఒకనాడు పరదేశపు వర్తకుడొకడు కొలువుకు వచ్చాడు. వింతలు చెప్పమంటే, "మహారాజా, పరాసు దేశంలో ఒక బురదగుంటకు ఇద్దరు మూర్ఖులని పేరు. పచ్చగా పట్టుపాన్పులా ఉంది, కాలు పెట్టబోయాను. పేరు చెప్పగానే నవ్వొచ్చింది, చుట్టు తిరిగి వెళ్ళాను. నా వెనకొచ్చిన ఎద్దొకటి దిగి మాయమైంది. ఆ మూర్ఖులెవరో గానీ, వాళ్ళ పుణ్యమా అని మా అమ్మకు నేను మిగిలాను" అన్నాడు.

సభంతా నవ్వింది. రాజుగారు కూడా నవ్వారు. ఆ మూర్ఖులెవరో ఆయన చెప్పలేదు. వర్తకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టించి, "ఏదీ, ఆ కాలు వెనక్కి తీసుకున్న సంగతి ఇంకొక్కసారి చెప్పు" అని అడిగి చెప్పించుకున్నారు.

కథ ఒడ్డెక్కింది. మీరు కాళ్ళు కడుక్కుని పడుకోండి.